కాదనే వీలు ఎవరికుంది?

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో చాలావరకు "చట్టం ఒప్పుకుంటుందా?" అన్న ప్రశ్నతో ముగుస్తాయి. ఆ సంగతి న్యాయవాదిని అడిగితే అరగంటలో చెబుతారు. నా ఉద్యోగ జీవితమంతా కిడ్నీ వార్డులో గడిచింది, చివరి ఏళ్లలో ఆసుపత్రి ఎథిక్స్ కమిటీలో కూర్చున్నాను. ఏ ఫైలు తెరిచినా నేను మొదట వెతికేది ఒకటే: ఈ వ్యవహారంలో 'వద్దు' అనే వీలు ఎవరికి లేకుండా పోయింది? ఈ నెల జవాబులు కూడా ఆ పద్ధతిలోనే ఉంటాయి. నచ్చనివారు తిట్టి రాయవచ్చు, చదువుతాను.

ప్రశ్న: మా అన్నయ్య డయాలసిస్ మీద ఉన్నాడు. నా కిడ్నీ సరిపోతుందని పరీక్షల్లో తేలింది. ఆ రోజు నుంచి ఇంట్లో ఆపరేషన్ ఎప్పుడన్న మాటే తప్ప, ఇస్తావా అని నన్ను అడిగినవారు లేరు. నాకు భయంగా ఉంది. ఇవ్వనంటే అన్నయ్యను నేనే చంపినట్టా?

జవాబు: కాదు. ఆయన ప్రాణం మీదికి తెచ్చింది జబ్బు, మీరు కాదు.

1978లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఇలాంటి వ్యాజ్యమే ఒకటి నడిచింది. మెక్‌ఫాల్ అనే రోగికి మూలుగ కావలసి వచ్చింది. దగ్గరి బంధువు షింప్‌ది సరిపోయేలా కనిపించింది. మొదటి పరీక్షకు వచ్చిన షింప్ ఆ తర్వాత రానన్నాడు. రోగి కోర్టుకెక్కాడు. అలా నిరాకరించడం నైతికంగా ఏ విధంగానూ సమర్థించలేనిదని న్యాయమూర్తి అన్నారు. అయినా, ఒకరి ఒంట్లోంచి బలవంతంగా తీసుకోమని తీర్పు ఇవ్వనన్నారు. కొద్ది వారాలకే రోగి చనిపోయాడు. ఆ ఇద్దరి మీదా నాకు జాలి ఉంది, తీర్పు మాత్రం సరైనదే.

ఇక మీ భయం. అది దేని గురించో ముందు తేల్చుకోండి. ఆపరేషన్‌లో పోతానేమోనన్నదైతే, అమెరికాలో ఎనభై వేలమందికి పైగా కిడ్నీ దాతల రికార్డులు చూసిన ఒక అధ్యయనంలో మొదటి మూడు నెలల్లో చనిపోయినవారు పది వేలకు ముగ్గురు. మిగిలిన ఒక్క కిడ్నీ కూడా చెడిపోతుందేమోనన్నదైతే, 2014లో వచ్చిన మరో అధ్యయనం జీవితకాలానికి లెక్క కట్టింది: దాతల్లో పది వేలకు 90 మందికి, అంతే ఆరోగ్యంగా ఉండి దానం చేయనివారిలో 14 మందికి ఆ ముప్పు ఉందని అంచనా. చిన్న సంఖ్యే, కానీ ఆరు రెట్లు. "ఏమీ కాదు, దూకెయ్" అనే పెద్దమనుషులకు ఈ అంకెలు చూపించండి.

మిమ్మల్ని పరీక్షించే వైద్యుడు, మీ అన్నయ్యకు వైద్యం చేసే వైద్యుడు ఒకరే కాకూడదు. ఒకరే అయితే వేరొకరు కావాలని అడగండి, ఆయనతో ఒంటరిగా మాట్లాడండి. దాతను పిలిచినప్పుడు వెంట వచ్చిన పెద్దలను నేను బయటే కూర్చోబెట్టేదాన్ని. తలుపు మూశాక చాలామంది ఎత్తే మొదటి మాట కిడ్నీ గురించి కాదు. చంటిపిల్లలు, ఉద్యోగం, ఎప్పటిదో ఆస్తి తగాదా. ఒకావిడ చాలాసేపు చేతిసంచి పట్టీ మెలిపెడుతూ కూర్చుని, చివరికి "వద్దన్నది నేనని మీరు చెప్పరు కదా?" అంది. చెప్పలేదు. 'ఈమె దాతగా ముందుకు వెళ్లడం లేదు' అని రాసి సంతకం పెట్టాను. కారణం రాయలేదు, బంధువులు గుచ్చి గుచ్చి అడిగినా నోరు విప్పలేదు. కొందరు వైద్యులు ఇలాంటప్పుడు జాలిపడి 'బీపీ ఉంది, పనికిరారు' అని రాసిస్తారు. నాకది గిట్టదు. లేని జబ్బు ఒకసారి ఫైలుకెక్కిందంటే ఆ తర్వాత చూసే ప్రతి వైద్యుడూ దాన్ని నమ్ముతాడు.

అసలు మీ అన్నయ్యతో మీరు మాట్లాడారా? ఉత్తరంలో ఆయన గొంతు ఎక్కడా లేదు. 1954 డిసెంబరులో బోస్టన్‌లో డాక్టర్ జోసెఫ్ మర్రే బృందం చేసిన మొదటి విజయవంతమైన కిడ్నీ మార్పిడి కవల సోదరుల మధ్య జరిగింది. ముందు రాత్రి రోగి తన సోదరుడికి చీటీ పంపాడు, ఇక్కడినుంచి లేచి ఇంటికి వెళ్లిపొమ్మని. వచ్చాను, ఉంటాను అని అవతలినుంచి జవాబు. అందుకున్నవాడు ఎనిమిదేళ్లు బతికాడు, ఇచ్చినవాడు 2010 దాకా ఉన్నాడు. వెళ్లిపొమ్మని చెప్పాడు కాబట్టే ఆ 'ఉంటాను'కు విలువ వచ్చిందని నా ఉద్దేశం. మీ అన్నయ్య కూడా అదే మాట అనాలనుకుంటూ, ఇంట్లోవారి హడావిడిలో అనలేకపోతుండవచ్చు. మీరిద్దరే కూర్చోండి.

చివరికి మీరు వద్దనుకున్నా దారులన్నీ మూసుకుపోవు. మరణించిన దాతల నుంచి వచ్చే కిడ్నీకి పేరు నమోదు చేసుకోవచ్చు. ఇంట్లో మరొకరు ఇష్టంగా ముందుకొచ్చి రక్తం గ్రూపు కలవకపోతే, అదే చిక్కులో ఉన్న ఇంకో జంటతో దాతలను మార్చుకోవచ్చు. ఇలాంటి మార్పిడి 1991లో దక్షిణ కొరియాలో మొదలై చాలా దేశాలకు పాకింది.

ప్రశ్న: నా శరీరం నాది. ఒక కిడ్నీ అమ్ముకుని అప్పు తీర్చుకుంటానంటే అడ్డుపడటానికి మీరెవరు?

జవాబు: ఎవరినీ కాను. కానీ అప్పు తీరదు. 2001లో చెన్నై ప్రాంతంలో కిడ్నీ అమ్ముకున్న 305 మందిని పరిశోధకులు కలిశారు. నూటికి 96 మంది అప్పు తీర్చడానికే అమ్మారు. ఆ తర్వాత కూడా నూటికి 74 మంది అప్పులోనే ఉన్నారు, కుటుంబ ఆదాయం మూడో వంతు పడిపోయింది. మరొకరికి ఈ పని చేయమని చెప్పబోమన్నవారు 79 శాతం. మీకంటే ముందు ఆ దారిన నడిచినవారి మాట అది, నాది కాదు.

ఇరాన్‌లో ప్రభుత్వ పర్యవేక్షణలో దాతకు డబ్బు ఇచ్చే పద్ధతి ఉంది. దాన్ని మెచ్చుకునే వైద్యులూ ఉన్నారు, నేను ఆ జాబితాలో లేను. డబ్బున్నవాడు కిడ్నీ అమ్మడానికి ఎక్కడా వరుసలో నిలబడడు. అప్పులవాడు గుమ్మంలో కూర్చుని ఉండగా మీరు చేసే సంతకాన్ని ఇష్టపూర్వకం అని రాయడానికి నాకు చేతులు రావు.

ప్రశ్న: మా బాబుకు తలసీమియా. నెలనెలా రక్తం ఎక్కిస్తున్నాం. మూలకణాల మార్పిడితో నయమవుతుందట, సరిపోయే దాత లేడు. ఐవీఎఫ్‌లో, అంటే ఒంటి బయట ఫలదీకరించిన పిండాలను పరీక్షించి, బాబుకు సరిపోయే బిడ్డను కనవచ్చని ఒకరు చెప్పారు. ఒక బిడ్డ కోసం ఇంకో బిడ్డను కనడం పాపమని మా అత్తగారు అంటున్నారు.

జవాబు: పిల్లలను కనడానికి లోకంలో ఉన్న కారణాలు వింటే మీ కారణం చాలా పెద్దమనిషి తరహాగా కనిపిస్తుంది. ముసలితనంలో చూసుకోవాలని, ఆస్తికి వారసుడు కావాలని కనేవారిని ఎవరూ పాపమనరు. కాబట్టి అత్తగారి మాటకు బెంగపడకండి. బెంగపడవలసినవి వేరే ఉన్నాయి.

ముందు లెక్క. తల్లిదండ్రులిద్దరూ వాహకులు, అంటే తమకు జబ్బు లేకున్నా ఆ జన్యులోపాన్ని మోసేవారు కాబట్టి జబ్బు లేని పిండం నాలుగింట మూడు వంతులు. అన్నకు కణజాలం పూర్తిగా సరిపోయేది నాలుగింట ఒక వంతు. రెండూ కలిస్తే పదహారు పిండాలకు సగటున మూడు. ఒక్కో విడతలో చేతికొచ్చే పిండాలు తక్కువ, పెట్టిన ప్రతిదీ నిలవదు. ఈ పద్ధతిలో మొదటి బిడ్డ 2000లో అమెరికాలో పుట్టాడు, అతని బొడ్డుతాడు రక్తంలోని మూలకణాలు అక్క ప్రాణం నిలిపాయి. బ్రిటన్‌లో అదే కోరికతో ఉన్న ఒక జంటకు ఇచ్చిన అనుమతి మీద వ్యాజ్యం అత్యున్నత న్యాయస్థానం వరకూ వెళ్లి, 2005లో వారికి అనుకూలంగా తేలింది. వారి బాబుకూ తలసీమియానే. ఎన్నిసార్లు ప్రయత్నించినా సరిపోయే బిడ్డ మాత్రం వారికి పుట్టలేదు. మీకు సలహా చెప్పినవారు రెండో కథ చెప్పి ఉండరు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆరోగ్యంగా ఉండి, బాబుకు మాత్రం సరిపోని పిండాలను ఏం చేస్తారు? పారేస్తామంటే నేను వెనకాడతాను. దాచి ఉంచుకుని, రెండో బిడ్డ ఎలాగూ కావాలి కాబట్టి వాటినీ వాడుకుంటామంటే నాకు అభ్యంతరం లేదు. రెండోది, బొడ్డుతాడు రక్తం తీసినందుకు పుట్టిన బిడ్డకు నొప్పి లేదు, అది ఎలాగూ పారేసేదే. కానీ మీ బాబు పెరిగినకొద్దీ ఆ కాస్త రక్తంలోని కణాలు చాలకపోవచ్చు. అప్పుడు చిన్నదానికి మత్తిచ్చి తుంటి ఎముకలోకి సూది దించి మూలుగ తీయాలంటారు. ఆ రోజు దాని తరఫున 'ఆగండి' అనేది ఎవరు? మీరు కాలేరు, మీ మనసంతా పెద్దవాడి మీద ఉంటుంది. అందుకే గర్భం నిలవకముందే అడగండి, రెండో బిడ్డకు వేరే వైద్యుడిని పెడతారా అని. పెట్టబోమన్న చోటికి వెళ్లకండి.

అన్నట్టు, ఇవన్నీ మొదలుపెట్టేముందు దాతల రిజిస్ట్రీల్లో వెతికించారా?

ప్రశ్న: మా తాతగారు హంటింగ్టన్ వ్యాధితో పోయారు. నాన్నకు పరీక్ష అక్కరలేదట, తెలుసుకోవడం ఇష్టం లేదట. నాకు పెళ్లి నిశ్చయమైంది. నేను జన్యుపరీక్ష చేయించుకుంటే తప్పా?

జవాబు: ఈ ఉత్తరం చదివి కాసేపు పక్కన పెట్టాను. తెలియని పాఠకుల కోసం: ఇది నడివయసులో మొదలై మెదడును క్రమంగా దెబ్బతీసే జబ్బు. కాళ్లూ చేతులూ అదుపు తప్పుతాయి, మనిషి స్వభావం మారుతుంది. జబ్బును పూర్తిగా మాన్పే మందు లేదు. నాలుగో క్రోమోజోమ్ మీద ఒక జన్యువులో మూడక్షరాల ముక్క అతిగా పునరావృతం కావడం దీనికి మూలం. నలభైసార్లు, ఆ పైన ఉంటే, మామూలు ఆయుర్దాయం ఉన్నవారికి అది రాక తప్పదు. తల్లి లేదా తండ్రికి ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సగం. అంటే మీ నాన్నగారికి సగం, మీకు పావు.

చిక్కు ఎక్కడంటే, మీ ఫలితం మీ ఒక్కరిదే కాదు. మీకు లేదని తేలితే నాన్నగారి సంగతి తేలదు. ఉందని తేలితే మాత్రం ఆయనకూ ఉన్నట్టే. ఆయన వద్దన్న సమాచారం మీ రక్తంలోంచి బయటికొస్తుంది.

తెలుసుకోవడం ఇష్టం లేదనడం పిరికితనం కాదు. వెనిజులాలో మరకాయిబో సరస్సు ఒడ్డున ఈ జబ్బున్న కుటుంబాల మధ్య ఏళ్ల తరబడి పనిచేసిన నాన్సీ వెక్స్‌లర్ తల్లికీ ఇదే జబ్బు. ఆమె వెంటపడి కదిలించిన పరిశోధన వల్లనే 1983లో జన్యువు జాడ, 1993లో జన్యువే దొరికాయి. తనకూ ఆ జబ్బు ఉందని ఆమె లోకానికి చెప్పింది 2020లో. పరీక్ష వచ్చి ఇన్నేళ్లయినా, ముప్పు ఉన్న కుటుంబాల్లో ఎక్కువమంది దాన్ని చేయించుకోలేదు.

అయినా నా మాట ఇది: మీరు చేయించుకోవచ్చు. తన గురించి చెప్పవద్దనే హక్కు మీ నాన్నగారికి ఉంది, మీ గురించి మీరు తెలుసుకోవద్దనే హక్కు లేదు. అయితే ఆయనకు తెలియకుండా చేయించుకోకండి. "నేను చేయించుకుంటున్నాను. ఫలితం మీకు చెప్పను, మీరూ అడగకండి" అని ముందే చెప్పండి. మొహం చూసి పట్టేస్తారేమో, నిజమే. అందుకే జన్యు సలహాదారు దగ్గర రెండుమూడుసార్లు కూర్చోకుండా రక్తం ఇవ్వకండి. మంచి కేంద్రాలు ఎలాగూ ఇవ్వనివ్వవు, చివరి క్షణంలో ఫలితం చూడకుండా వెళ్లిపోయే వీలు కూడా ఉంచుతాయి.

మీకు తెలియకుండానే మీ పిల్లలకు రాకుండా చూసే పద్ధతి కూడా ఉంది. ఐవీఎఫ్‌లో పిండాలను పరీక్షించి జబ్బు లేనివే గర్భంలో పెడతారు, మీకు ఏ వివరమూ చెప్పరు. వినడానికి బాగుంది. కానీ మీకు ఆ జన్యువే లేదనుకోండి, మీరు పెళ్లాడబోయే అమ్మాయి ఊరికే ఇన్ని సూదులు పొడిపించుకుంటుంది, వైద్యులు తెలిసీ మాట్లాడకూడదు. నాకు ఇది మింగుడుపడదు.

ఇంతకీ ఆ అమ్మాయికి ఈ సంగతి తెలుసా? మీ ఉత్తరం రెండుసార్లు చదివినా ఆ మాట కనబడలేదు. పరీక్ష సంగతి తర్వాత. తాతగారి జబ్బు పేరు ఆమెకు పెళ్లికి ముందే, మీ నోటితో చెప్పండి. ఆమె వద్దనవచ్చు. అనగలగాలి.

ప్రశ్న: ప్రమాదంలో గాయపడిన మా మరిదిని బ్రెయిన్‌డెడ్ అన్నారు. గుండె కొట్టుకుంటోంది, ఒళ్లు వెచ్చగా ఉంది. ఆ స్థితిలోనే అవయవాలు ఇచ్చాం. ఇప్పుడు బంధువులు "ఇంకో వారం చూస్తే లేచేవాడు" అంటున్నారు. నాకు నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, లేచేవాడు కాదు. ఎందుకో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఆ గదిలో ఏం జరుగుతుందో బంధువులకు ఎవరూ చూపించరు.

ముందు మత్తుమందుల ప్రభావం లేదని, ఒంటి వేడి తగ్గిపోలేదని చూస్తారు. కనుపాపల మీద వెలుగు వేస్తారు, అవి కదలవు. కంటి నల్లగుడ్డు మీద దూది కొస ఆనిస్తారు, రెప్ప పడదు. చెవిలోకి మంచునీళ్లు పంపుతారు. మెదడు మూలంలో కాస్త ప్రాణమున్నా కళ్లు పక్కకు జరుగుతాయి, ఇక్కడ జరగవు. చివరిది అన్నిటికంటే కష్టమైనది. వెంటిలేటర్ తీసి, ఆక్సిజన్ మాత్రం సన్నటి గొట్టంతో లోపలికి వదులుతూ, ఛాతీ మీద కప్పిన దుప్పటి తీసేసి అందరూ అక్కడే చూస్తూ నిలబడతారు. ఎనిమిది, పది నిమిషాలు. ఆ లోపు రక్తంలో కార్బన్ డయాక్సైడ్ మామూలు నలభై నుంచి అరవై దాటుతుంది. ఊపిరి తీసుకోమని మెదడును అంతకంటే గట్టిగా తరిమేది మరొకటి లేదు. అయినా ఛాతీ లేవదు. ఇవన్నీ చేసేది అవయవ మార్పిడి బృందానికి సంబంధం లేని వైద్యులు. చాలాచోట్ల, కొంత వ్యవధి ఇచ్చి మళ్లీ మొదటినుంచీ చేస్తారు.

గుండె సంగతి అంటారా, దానికి కొట్టుకోమని మెదడు చెప్పనక్కరలేదు. ఆక్సిజన్ అందినంతసేపు తనంతట తానే కొట్టుకుంటుంది. వేలు కదిలిందని ఎవరైనా చెప్పి ఉంటే, అది వెన్నుపాము చేసే పని. కోమాలోంచి లేచినవారి కథలు మీ బంధువులు వినే ఉంటారు. కోమాలో మెదడు దెబ్బతిని ఉంటుంది, చచ్చిపోయి ఉండదు. 1968లో హార్వర్డ్ వైద్యుల సంఘం ఈ రెండింటినీ వేరుచేసి ప్రమాణాలు రాసినప్పటి నుంచి, వాటిని పక్కాగా పాటించి బ్రెయిన్‌డెడ్ అని నిర్ధారించిన మనిషి లేచి కూర్చున్న ఉదంతం ఒక్కటీ నా కంటపడలేదు.

మీ మరిది బతికుండగా ఈ విషయం ఏమైనా అన్నాడా? అని ఉంటే మీరు అతని మాట నిలబెట్టారు. అనకపోతే, అతనికి నచ్చుతుందనుకున్నది చేశారు. మీరు వద్దని ఉన్నా నేను ఇలాగే జవాబు రాసేదాన్ని.

ప్రశ్న: మరొకరి అండంతో ఐవీఎఫ్ ద్వారా మాకు పాప పుట్టింది. ఇప్పుడు మూడేళ్లు. ఈ సంగతి మా ఇద్దరికే తెలుసు. చెప్పకపోతే నష్టమేమిటి? చెబితే నన్ను అమ్మ కాదంటుందేమో.

జవాబు: మీ భయం నాకు అర్థమైంది. కానీ ఈ రహస్యం ఇక మీ చేతిలో లేదు. ఉమ్మి చుక్క పంపితే బంధువుల జాబితా తెచ్చిచ్చే డీఎన్‌ఏ పరీక్షలు వచ్చాక, ముప్పై, నలభై ఏళ్లు దాచిన సంగతులు ఇంటికి ఈమెయిల్‌లో వస్తున్నాయి. దాత పేరు గోప్యంగా ఉంచుతామని ఆసుపత్రి ఇచ్చిన మాట దానికి వర్తించదు. స్వీడన్ 1985లోనే వీర్యదాత ఎవరో తెలుసుకునే హక్కు పిల్లలకు ఇచ్చింది. బ్రిటన్‌లో 2005 ఏప్రిల్ తర్వాత నమోదైన దాతల వివరాలు పద్దెనిమిదేళ్లు నిండిన పిల్లలు అడిగి తెలుసుకోవచ్చు. అన్ని దేశాల్లో ఇలా లేదు. దాత పేరు చెప్పలేకపోయినా, దాత ఉన్నారని చెప్పడానికి ఏ చట్టమూ అడ్డురాదు.

కేంబ్రిడ్జ్‌లో సుసాన్ గోలోంబోక్ బృందం ఇలాంటి కుటుంబాలను పిల్లలకు ఇరవై ఏళ్లు వచ్చేదాకా గమనించింది. ఏడేళ్లలోపే తెలిసిన పిల్లలకు తల్లితో సంబంధం, ఆలస్యంగా తెలిసినవారితో పోలిస్తే, మెరుగ్గా ఉన్నట్టు కనబడింది. పాపను కూర్చోబెట్టి ప్రకటన చేయనక్కరలేదు. "నువ్వు పుట్టడానికి ఒక చిన్న అండం కావలసి వచ్చింది, నా దగ్గర లేకపోతే ఒకావిడ ఇచ్చింది" అని నిద్రపుచ్చే కథల్లో కలిపేయండి. మూడేళ్ల పిల్ల "ఆ తర్వాత?" అంటుంది, అంతే. పదిహేనేళ్ల పిల్ల అలా అనదు.

వైద్యుడు "మీ తల్లి వైపు రొమ్ము క్యాన్సర్ ఉందా?" అని అడిగిన రోజు ఆమె తప్పు జవాబు చెప్పకూడదు కదా, అది ఇంకో కారణం.

అత్తవారింట్లో ఎవరికైనా చెప్పాలా అని కింద చిన్న అక్షరాలతో రాశారు. ముందు పాపకు చెప్పండి. ఆ తర్వాత ఎవరికి చెప్పాలన్నది పాప తేల్చుకుంటుంది.